తిరుపతిలో ముఖాముఖి క్రిప్టో లావాదేవీలు: చోటు, డబ్బు దారి, పన్ను

రేణిగుంట ప్యాసింజర్
అందరికీ నమస్తే. తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు వైపు వాళ్లం పదీ పన్నెండు మందిమి నెలకొకసారి కలిసి క్రిప్టో కాయిన్లు, అంటే బిట్‌కాయిన్, డాలరు ధరకి ముడిపెట్టిన యూఎస్‌డీటీ, మనిషిని చూసి కొనుక్కుందాం, అమ్ముకుందాం అనుకుంటున్నాం. ఎక్కడ కలవాలి, ఏ రోజు? నగదా, ఖాతా బదిలీనా? డబ్బు ముందా, కాయిన్ ముందా? కలిపేవాడికి చట్టం ఏమైనా తగులుకుంటుందా? అంకెలతో చెప్పండి. "జాగ్రత్త స్వామీ" అని వదిలేసే జవాబులు ఇప్పటికే చాలా వచ్చాయి.

అలిపిరి మెట్టు
ఆఖరి ప్రశ్న ముందు తేల్చుకుంటే మిగతావి సులువు. క్రిప్టో మన దేశంలో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు, నిషేధమూ లేదు. ఆర్‌బీఐ 2018 ఏప్రిల్‌లో బ్యాంకులకిచ్చిన సర్క్యులర్‌ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. కాబట్టి నీ కాయిన్ నువ్వు ఇంకొకరికి అమ్ముకోవడంలో తప్పు లేదు.

చిక్కంతా మధ్యలో ఉండేవాడికి. 2023 మార్చి 7న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం వేరేవాళ్ల కోసం, వ్యాపారంగా, క్రిప్టోని రూపాయిల్లోకి మార్చినా, బదిలీ చేసినా, వాళ్ల తరఫున భద్రపరిచినా మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వస్తారు. అంటే ఎఫ్‌ఐయూ (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) దగ్గర నమోదు, కేవైసీ, రికార్డులు, అనుమానాస్పద లావాదేవీల నివేదికలు. పది మంది గుంపుకి అది మోయలేని బరువు.

అందుకని మూడు పనులు చెయ్యద్దు. నీ ఖాతాలోకి ఒకరి డబ్బు వేయించుకుని ఇంకొకరికి పంపద్దు. నీ వాలెట్‌లో (కాయిన్లు పెట్టుకునే యాప్) ఇతరుల కాయిన్లు "కాసేపే కదా" అని పెట్టుకోవద్దు. లావాదేవీ మీద అర శాతం, పావు శాతం అని తీసుకోవద్దు. కుర్చీలు వేయించు, టైము చూడు, అంతే.

పాకాల జంక్షన్
హాలు అద్దె, కాఫీల ఖర్చో?

అలిపిరి మెట్టు
తలకింత అని సమానంగా పంచుకోండి. కొన్నవాడూ, అమ్మినవాడూ, ఊరికే వినడానికి వచ్చినవాడూ అందరిదీ ఒకే లెక్క. లావాదేవీ పెద్దదైతే ఎక్కువ, చిన్నదైతే తక్కువ అన్నారంటే దాన్ని కమీషన్ అంటారు.

కోనేటి గట్టు
చోటు గురించి. రైల్వే స్టేషన్, బస్టాండు, లీలామహల్ సర్కిల్, అలిపిరి, ఈ గీత మీద ఎక్కడా వద్దు. యాత్రికుల రద్దీలో ఎవడు మన వెనకాల నిలబడ్డాడో, ఎవడు దర్శనం టోకెన్ కోసం నిలబడ్డాడో తెలియదు. ఎమ్మార్‌పల్లి, బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు కుటుంబాలు వచ్చే హోటలు చూడండి. పై అంతస్తు, సీసీ కెమెరా, గోడకి వీపు ఆనించి కూర్చునే బల్లలు. వెనక మనిషి నడిచే చోట ఫోను తెరిస్తే పిన్ కెమెరాలో కూడా పడుతుంది. భూగర్భంలో ఉండే హాళ్లు అసలు వద్దు, సిగ్నలు ఉండదు. బ్యాంకు ఓటీపీ రాక అరగంట అందరూ గాల్లో చేతులెత్తుకుని తిరగాల్సి వస్తుంది.

రోజు: రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులకి సెలవు. ఖాతా బదిలీ 24 గంటలూ నడుస్తుంది గానీ, ఏదైనా ఇరుక్కుంటే బ్రాంచికి పోయి అడిగే దారి ఉండాలి. మొదటి లేదా మూడో శనివారం పొద్దున పదిన్నర నుంచి ఒంటి గంట దాకా బాగుంటుంది. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వారం మాత్రం ఊళ్లో పెట్టుకోవద్దు. ఆ నెల చిత్తూరులో పెట్టుకోండి, లేదంటే ఎగ్గొట్టండి. ముహూర్తాల రోజుల్లో హోటలు హాళ్లు దొరకవని వేరే చెప్పక్కర్లేదు కదా.

తిలక్ రోడ్డు లెక్క
నేను వేరే మాట చెప్తా. ఖాతా బదిలీ అంటారు గానీ, ఎవడో సైబర్ మోసంలో పోగొట్టుకున్న దుడ్లు నాలుగు ఖాతాలు తిరిగి మన ఖాతాలో పడితే పోలీసులు ఫ్రీజు చేసేస్తారు. మన తప్పు ఏముండాది? నగదు తీసుకుంటే ఆ పీడ లేదు. నోటు లెక్కపెట్టుకున్నాం, కాయిన్ పంపినాం, అయిపాయ.

అలిపిరి మెట్టు
అన్నా, ఫ్రీజు భయం నిజమే. మందు మాత్రం తప్పు. నగదు 2 లక్షలు, ఆ పైన ఒక మనిషి దగ్గర ఒక రోజులో గానీ ఒకే లావాదేవీకి గానీ తీసుకోకూడదు, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 269ఎస్‌టీ సెక్షను. తప్పితే తీసుకున్నంత మొత్తమూ జరిమానా. 2 లక్షల లోపు నేరం కాదు, కానీ ఆ నోట్లు ఎక్కడివో రేపు నువ్వే చెప్పుకోవాలి. ఖాతాలో పడిన డబ్బుకి పంపినవాడి పేరుంటుంది, నోటుకి ఉండదు. శేషాచలం చుట్టుపక్కల లెక్కలేని నగదు ఏ చెట్టు నుంచి దిగుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. అది తెల్లగా చేసుకోవాలనుకునేవాడికి మన బల్ల కన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇంకొకటి. ప్రతి నెలా అదే శనివారం అదే హోటల్లో లక్షల నగదు ఉంటుందని ఊరికి తెలిసిపోతే, కాయిన్ మోసం దాకా పోనక్కర్లేదు. మెట్ల దగ్గరే పని అయిపోతుంది.

స్వర్ణముఖి
ఫ్రీజు సంగతి వివరంగా చెప్పుకుందాం, భయం అక్కడే కాబట్టి.

బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసినా, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో రాసినా ఆ డబ్బు ఏ ఖాతాల గుండా పోయిందో వరసగా చూస్తారు. మన ఖాతా ఆ వరసలో ఉంటే రెండు రకాలుగా ఆపుతారు. ఒకటి వివాదంలో ఉన్న మొత్తం మీదే పట్టు, మిగతా డబ్బు వాడుకోవచ్చు. రెండోది ఖాతా మొత్తం బంద్. కేరళ హైకోర్టు 2023లో వివాదంలో ఉన్న మొత్తానికే పట్టు పరిమితం చేయమని చెప్పింది. ఆ మాట పట్టుకుని అడగొచ్చు.

తగ్గించుకునే దారి: డబ్బు ఎదురుగా కూర్చున్న మనిషి సొంత ఖాతా నుంచే రావాలి. "మా బావ ఖాతా నుంచి వేస్తాను", "ఆఫీసు ఖాతా" అంటే ఆ బేరం అక్కడికి ఆపేయండి. పాన్ కార్డు మీద పేరు, బ్యాంకు యాప్‌లో జమ చూపే పేరు, రెండూ ఒకటే ఉండాలి. ఖాతా కొత్తగా తెరిచిందా, నిన్న సాయంత్రం ఒకేసారి పెద్ద మొత్తం పడిందా అనేది అతని ఫోనులోనే మొదటి పేజీ స్టేట్‌మెంటు చూపించమని అడగొచ్చు. ఇష్టం లేకపోతే చూపించక్కర్లేదు, మనం అమ్మనూ అక్కర్లేదు.

రెండో జాగ్రత్త: జీతం పడే ఖాతా, ఇంటి లోను కట్టే ఖాతా వాడద్దు. దీనికోసం వేరే ఖాతా పెట్టుకుని, వచ్చిన డబ్బు రెండు మూడు వారాలు అందులోనే ఉంచండి. ముందే జీతం ఖాతాలోకి తోసేస్తే వరస అక్కడిదాకా సాగుతుంది, రెండూ ఆగుతాయి.

ఒకవేళ ఆగితే బ్యాంకుని రాతపూర్వకంగా అడగాల్సినవి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషను, ఎంత మొత్తానికి. ఆ స్టేషన్‌కి పంపాల్సినవి: అమ్మకపు కాగితం, లావాదేవీ ఐడీ, కొన్నవాడి పాన్, చాట్ మెసేజీలు. ఇవి ఆ రోజే రాసి పెట్టుకోకపోతే ఆర్నెల్ల తర్వాత దొరకవు.

తిలక్ రోడ్డు లెక్క
సరే, వేరే ఖాతా మాట బాగుండాది. కాగితంలో ఏం రాయాలో చెప్పండి.

స్వర్ణముఖి
ఏ4 లో సగం చాలు. ఇద్దరి పేర్లు, పాన్, తేదీ, టైము. ఏ కాయిన్, ఎంత, ఏ నెట్‌వర్కు (ట్రాన్, ఇథీరియం లాంటి కాయిన్ పోయే దారి), యూనిట్‌కి రేటు, మొత్తం రూపాయలు, టీడీఎస్ (కొనేవాడు పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) ఎంత, ఖాతాలో పడేది ఎంత. కాయిన్ తీసుకునే వాలెట్ అడ్రసు చివరి ఎనిమిది అక్షరాలు. "ఈ డబ్బు నా సొంతం, నా ఖాతా నుంచే పంపుతున్నా" అని కొన్నవాడి చేతిరాతతో ఒక వాక్యం. కింద ఇద్దరి సంతకాలు. పంపాక లావాదేవీ ఐడీ రాయండి. రెండు కాపీలు. ఆధార్ జిరాక్సులు గుంపులో పంచుకోవద్దు, పాన్ ఒరిజినల్ చూస్తే చాలు.

ఇప్పుడు ఏది ముందు అనే ప్రశ్న. ఉదాహరణకి 700 యూఎస్‌డీటీ, రేటు 90 అనుకుందాం. మొత్తం 63,000. కొనేవాడు 1 శాతం టీడీఎస్ 630 పట్టుకుని 62,370 ఇవ్వాలి.

ముందు అమ్మేవాడు 10 యూఎస్‌డీటీ పంపాలి. కొనేవాడు తన వాలెట్‌లో కాదు, ట్రాన్ నెట్‌వర్కు లావాదేవీలు చూపే ట్రాన్‌స్కాన్ సైట్లో అడ్రసు కొట్టి చూసుకోవాలి. అది సరిపోతే 891 పంపాలి. అమ్మేవాడు తన బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్సులో చూడాలి. ఎదుటివాడి ఫోనులో ఆకుపచ్చ టిక్కుకీ, మెసేజ్‌కీ విలువ లేదు, ఆ రెండూ తయారు చేసే నకిలీ యాప్‌లున్నాయి.

మిగతా 690ని మూడు 230లుగా చేయండి. ప్రతిసారీ కొనేవాడు 20,493 వేయాలి, అమ్మేవాడు జమ చూసి 230 పంపాలి. ఇలా మూడు సార్లు. ఏ క్షణంలో ఎవరు లేచి వెళ్లిపోయినా పోయేది 20 వేలే, మొత్తం కాదు. పంగనామం పెట్టాలని వచ్చినవాడికి మొదటి విడతలోనే విసుగు పుట్టి వెళ్లిపోతాడు.

పాకాల జంక్షన్
నాలుగు సార్లు పంపితే నాలుగు సార్లు ఫీజు కదక్కా?

స్వర్ణముఖి
అవును తమ్ముడూ. ట్రాన్ నెట్‌వర్కులో యూఎస్‌డీటీ పంపడానికి ఒకసారికి సుమారు 65 వేల ఎనర్జీ (ఆ నెట్‌వర్కులో ఫీజు కొలత) పోతుంది. తీసుకునే అడ్రసులో అంతకుముందు యూఎస్‌డీటీ లేకపోతే దానికి రెట్టింపు, 1 లక్షా 30 వేల దాకా. ఎనర్జీ లేకపోతే ట్రాన్ కాయిన్ కాలుతుంది. పంపేవాడి వాలెట్‌లో యూఎస్‌డీటీ మాత్రమే ఉండి ట్రాన్ సున్నా ఉంటే లావాదేవీ కదలదు. బల్ల దగ్గర ఎక్కువగా ఆగేది ఇక్కడే. ముందురోజే సరిపడా ట్రాన్ వేసుకుని రండి. మొదటిసారి కలిసేవాళ్లకి ఆ ఫీజు దండగ కాదు. అదే మనిషితో రెండో నెల నుంచి పరీక్ష విడత ఒకటి, అసలు ఒకటి, రెండు చాలు.

యూపీఐకి మనిషికి మనిషికి రోజుకి లక్ష దాకా. కొత్త ఫోనులో యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు 5 వేలే. ఐఎంపీఎస్ అయితే 5 లక్షల దాకా ఉంది గానీ, కొత్త ఖాతా చేర్చిన మొదటి రోజు చాలా బ్యాంకులు తక్కువే పోనిస్తాయి. కాబట్టి పేరు చేర్చే పని శుక్రవారమే అయిపోవాలి.

శేషాచలం చినుకు
క్రిప్టో ఎక్స్ఛేంజీ (కొని అమ్మే యాప్) నుంచి నేరుగా పంపుదామనుకునేవాళ్లకి: కొన్ని చోట్ల కొత్త అడ్రసు చేరిస్తే 24 గంటల దాకా విత్‌డ్రా ఆపుతారు, కొన్ని చోట్ల కాయిన్ బయటికే పంపనివ్వరు. కలిసే రోజుకి కాయిన్ నీ సొంత వాలెట్‌లో ఉండాలి. ఆ వాలెట్‌లో కూడా ఆ రోజు అమ్మేదే ఉండాలి. వాలెట్‌కి తాళంలాంటి 12 పదాలో 24 పదాలో రాసిన కాగితం, హార్డ్‌వేర్ వాలెట్ (తాళం దాచే చిన్న పరికరం) ఇంట్లోనే పెట్టి రావాలి.

బిట్‌కాయిన్‌కి సంగతి వేరే. లావాదేవీలు ఎక్కే బ్లాకు సగటున పది నిమిషాలకి ఒకటి. సగటు అని గుర్తుపెట్టుకోండి, ఒక్కోసారి నలభై నిమిషాలూ రాదు. పంపగానే కొనేవాడి ఫోనులో "వస్తోంది" అని కనపడుతుంది, అది వచ్చినట్టు కాదు. అదే కాయిన్లతో ఎక్కువ ఫీజు పెట్టి ఇంకో లావాదేవీ తన అడ్రసుకే పంపుకుంటే మొదటిది మాయమైపోతుంది. కనీసం ఒక కన్ఫర్మేషను (లావాదేవీ బ్లాకులో ఎక్కితే ఒకటి, ఆపైన వచ్చే ప్రతి బ్లాకుకీ ఇంకొకటి), లక్ష దాటితే మూడు, పెద్ద మొత్తమైతే ఆరు. అంటే గంట. ఫీజు తక్కువ పెట్టి పంపితే ఆ గంట సాయంత్రం అవుతుంది. పంపేముందు, ఇంకా బ్లాకు ఎక్కని లావాదేవీలు చూపే మెంపూల్ సైట్లో ఇప్పటి ఫీజు రేటు చూసి దానికి కొంచెం ఎక్కువే పెట్టండి. ఈ లోపల ధర కదులుతుంది కాబట్టి "సంతకం పెట్టిన నిమిషం నాటి రేటే" అని కాగితంలో ముందే రాసుకోవాలి. లేదంటే రేటు దగ్గర గొడవ తప్పదు.

చిన్న మొత్తాలకి, పదివేల లోపు, బిట్‌కాయిన్ మీదే వేగంగా నడిచే లైట్నింగ్ నెట్‌వర్కు వాడండి. సెకన్లలో పడుతుంది, ఫీజు దాదాపు లేదు. తీసుకునేవాడు ఇన్వాయిసు క్యూఆర్ చూపించాలి, దానికి గడువుంటుంది. గడువు దాటితే మళ్లీ చేయాలి.

కోనేటి గట్టు
మోసాల్లో ఒకటి బాగా దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే లెక్క తెలిసినవాళ్లూ ఇందులో పడతారు.

నీ అడ్రసు నుంచి ఒక చోటికి క్రమంగా పంపుతూ ఉంటావు. మోసగాడు దాన్ని చూసి, మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు అచ్చం అలాగే ఉండే ఇంకో అడ్రసు కంప్యూటరుతో తయారు చేసుకుంటాడు. అక్కడి నుంచి నీకు సున్నా విలువ లావాదేవీ పంపుతాడు. అది నీ చరిత్రలో కూర్చుంటుంది. నెల తర్వాత నువ్వు చరిత్ర తెరిచి, మొదలు చివర చూసి కాపీ కొట్టి పంపుతావు. ఇంకేముంది. అందుకే చరిత్ర నుంచి కాపీ చేయకూడదు. ప్రతిసారీ ఎదుటి మనిషి ఫోనులో ఇప్పుడే తెరిచిన క్యూఆర్ స్కాన్ చేసి, మధ్యలోని ఆరు అక్షరాలు పైకి చదివి సరిచూసుకోవాలి. కాగితంలో చివరి ఎనిమిది రాసేది రికార్డు కోసం, సరిచూడటానికి కాదు.

మిగతావి పొట్టిగా. నకిలీ యూఎస్‌డీటీ: పేరు, బొమ్మ ఒకటే, కాంట్రాక్టు (కాయిన్‌ని నడిపే ప్రోగ్రాం) వేరే. ట్రాన్‌లో అసలు కాంట్రాక్టు అడ్రసు టీ, ఆర్, 7 తో మొదలవుతుంది, టెథర్ సంస్థ సైటులో పూర్తిగా ఉంది, అక్కడ చూసుకోండి. నెట్‌వర్కు తేడా: ట్రాన్ అడ్రసు టీ తో, ఇథీరియం అడ్రసు సున్నా ఎక్స్ తో మొదలవుతుంది. బల్ల మీద పెట్టిన క్యూఆర్ స్కాన్ చేస్తే వాలెట్ ఏదో "అనుమతి ఇవ్వండి" అని అడిగిందంటే అది డబ్బు తీసుకునే క్యూఆర్ కాదు, నీ వాలెట్ తాళం అడుగుతోంది, మూసేయి. "ఈ వాలెట్‌లో 2 వేల యూఎస్‌డీటీ ఉంది, పదాలు ఇస్తా, కొంచెం ట్రాన్ వేసి తీసుకో" అంటే, ఆ అడ్రసు అనుమతి ముందే వేరేవాడికి మార్చి పెట్టి ఉంటుంది. నువ్వు వేసిన ట్రాన్ పోతుంది, యూఎస్‌డీటీ కదలదు.

పీలేరు రోడ్డు
సార్, మా వైపు కువైట్‌లో ఉండేవాళ్లు ఎక్కువ. వాళ్లు అక్కడ యూఎస్‌డీటీ కొని మాకు పంపితే, మేము మీ మీటింగులో అమ్మి ఇంట్లో వాళ్లకి రూపాయలు ఇవ్వచ్చా? బ్యాంకు కన్నా రేటు బాగుంటుంది.

అలిపిరి మెట్టు
వద్దు. ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం మూడో సెక్షను ప్రకారం విదేశాల్లో ఉండే మనిషి చెప్పాడని, అతని తరఫున ఇక్కడ డబ్బు తీసుకోవాలంటే అనుమతి ఉన్న సంస్థ ద్వారానే. మధ్యలో కాయిన్ ఉన్నా హవాలా హవాలానే. నాలుగు ఇళ్లకి చేస్తే మొదట చెప్పిన "వేరేవాళ్ల కోసం, వ్యాపారంగా" కూడా తగులుకుంటుంది. రేటులో మిగిలే రూపాయి కోసం ఇంటిమీదికి తెచ్చుకోవద్దు. బ్యాంకు ద్వారా పంపమని చెప్పండి.

చిత్తూరు ఆడిటు
టీడీఎస్ మాట వచ్చింది కాబట్టి. స్వర్ణముఖి గారి ఉదాహరణలో 630 పట్టాల్సిందే, కానీ ప్రతి కొనుగోలుకీ టీడీఎస్ తప్పనిసరి కాదు. వ్యాపారం లేని వ్యక్తి, లేదా వ్యాపార టర్నోవరు కోటి లోపు, వృత్తి ఆదాయం 50 లక్షల లోపు ఉన్నవాడు కొంటే ఆర్థిక సంవత్సరంలో చెల్లించింది 50 వేలు దాటాలి. మిగతా కొనుగోలుదారులకి 10 వేలే హద్దు. 63,000 ఒక్కసారే కాబట్టి రెండు రకాల వాళ్లకీ దాటింది. ఏప్రిల్‌లో 30 వేలు, జూన్‌లో 30 వేలు పెట్టి కొన్నా దాటినట్టే, విడివిడిగా చూడరు. విడగొడితే తప్పించుకోవచ్చనుకునేవాళ్లు ఇక్కడే దొరుకుతారు.

మొదటి రకం కొనుగోలుదారుకి టాన్ (టీడీఎస్ కట్టేవాళ్లకిచ్చే) నంబరు అవసరం లేదు. పట్టుకున్న నెల ముగిశాక 30 రోజుల్లో 26క్యూఈ ఫారంలో కట్టాలి, తర్వాత అమ్మినవాడికి 16ఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. అమ్మినవాడు పాన్ ఇవ్వకపోతే 1 కాదు, 20 శాతం పట్టాలి. కాయిన్‌కి కాయిన్ మార్చుకుంటే ఇద్దరూ అమ్మినట్టే, ఇద్దరి మీదా టీడీఎస్ బాధ్యత ఉంటుంది, రూపాయలు చేతులు మారకపోయినా.

లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2. కొన్న ధర తప్ప ఇంకేదీ తీసేయనివ్వరు, ట్రాన్ ఫీజు, హోటలు కాఫీ, బస్సు చార్జీ ఏదీ. బిట్‌కాయిన్‌లో నష్టం యూఎస్‌డీటీ లాభంలో సర్దుకోవడమూ లేదు. నేను చెప్పిన ఫారాల పేర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాతి లావాదేవీలకి నంబర్లు పోర్టల్లో చూసుకుని కట్టండి.

స్వర్ణముఖి
సరిదిద్దినందుకు థాంక్స్ సార్. కాగితంలో "ఈ ఆర్థిక సంవత్సరంలో ఇప్పటిదాకా కొన్నది" అని ఒక గడి చేర్చుకోవాలన్నమాట.

శేషాచలం చినుకు
పిలుపు ఎలా పంపాలో కూడా చెప్పాలి. వాట్సాప్ గుంపులో ఎవరు ఎంత తెస్తున్నారో రాయద్దు. "అమ్మేవాళ్లు నలుగురు, కొనేవాళ్లు ముగ్గురు" చాలు. రాబడి, నెలకింత, జాయినింగ్, రిఫరల్ అనే మాటలు పోస్టర్లో ఉండకూడదు. డబ్బు కట్టించుకుని తిరిగిస్తామనేది 2019 నాటి అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి వచ్చే వ్యవహారం. కాయిన్ పేరుతో గొలుసు స్కీములు నడిపేవాళ్లు రెడీగా ఉన్న ఇలాంటి బల్ల కోసమే వెతుకుతుంటారు. లేచి మైకు పట్టుకునేవాడిని మొదటిసారే కూర్చోపెట్టండి.

రేణిగుంట ప్యాసింజర్
చాలా ఉపయోగం. ఇలా అనుకుంటున్నాం: మూడో శనివారం పదిన్నరకి, ఎయిర్ బైపాస్ వైపు పై అంతస్తు, పన్నెండు మందికి మించకుండా. మొదటి ముప్పావు గంట వాలెట్లు, అడ్రసులు సరిచూడటం నేర్పేది, తర్వాత బేరాలు. మొదటి నెల ఒక్కొక్కరికి 20 వేలు హద్దు. నగదు లేదు. ఖాతాల పేర్లు శుక్రవారం సాయంత్రానికి చేర్చుకోవాలి. ఏమన్నా తప్పిందా?

కోనేటి గట్టు
చార్జింగ్ పెట్టే ప్లగ్గులు ఎన్ని ఉన్నాయో హోటలు వాళ్లని ముందే అడుగు. రెండు కంపెనీల సిమ్‌లు ఉన్నవాడు ఒకడు హాట్‌స్పాట్ ఇవ్వాలి, హోటలు వైఫై ఎవరూ వాడకూడదు.

తిలక్ రోడ్డు లెక్క
సంతకాల కాగితాలు నేను జిరాక్సు తీసుకొస్తా. ఇరవై చాలునా?

స్వర్ణముఖి
ముప్పై తీసుకురా అన్నా, అడ్రసు ఒక అక్షరం తప్పు రాసినా చింపేసి మళ్లీ రాయాలి.